ఇంటిబడి: మోర్మను గృహములలో బాలుర విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు బడిచదువును గూర్చి ప్రసంగించుట అందరెరిగిన ఆచారమే. బడికి పోని చదువును గూర్చి ప్రసంగించుట కొంత వింతగా తోచవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి దిక్కున యూటా అను రాష్ట్రము కలదు. అచ్చట మోర్మనులను మతస్థులు పెక్కుమంది. వారిలో కొన్ని కుటుంబములవారు తమ మగపిల్లలను పాఠశాలకు పంపక యింటనే చదివింతురు. తల్లియే ఉపాధ్యాయిని, భోజనపు బల్లయే తరగతి గది, తమ్ముడే తోటి విద్యార్థి. పేదరికము చేత గాదు, బడి లేక గాదు. ఉచిత పాఠశాల దగ్గరనే యుండగా, దాని నిమిత్తము పన్ను చెల్లించుచునే, వారీ పని చేయుచున్నారు. ఇట్టి చదువు పిల్లవానిని ఎదగనిచ్చునా, కట్టివేయునా? రెండు విధముల బాలురును ఆ గృహములనుండి వచ్చిరి. తేడా ఎచ్చట నున్నదని విచారించినచో, అది తల్లిదండ్రుల భక్తిలో గాని, వారి క్రమశిక్షణలో గాని కాక, బయటి పుస్తకమును ఇంటిలోనికి రానిచ్చిరా లేదా యను దానిలోనే ఎక్కువగా కన్పట్టుచున్నది. గ్రంథాలయ సభలో ఈ విషయ మెత్తుటకు కారణ మదియే.

మొదట మోర్మనులనగా ఎవరో చెప్పవలెను. 1830 ఏప్రిల్ 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రములో జోసెఫ్ స్మిత్ అను యువకుడు స్థాపించిన క్రైస్తవ సంఘమునకు చెందినవారు వారు. దేవదూత చూపిన బంగారు రేకులనుండి తాను అనువదించితినని చెప్పి ఆయన ప్రకటించిన ‘మోర్మన్ గ్రంథము’ను వారు బైబిలుతోపాటు పవిత్రముగా నెంతురు. ఆ గ్రంథమునుబట్టి లోకులు పెట్టిన పేరే మోర్మనులు. సంఘపు అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ఆ పూర్తి పేరునే వాడవలసినదని 2018లో సంఘాధ్యక్షుడు కోరెను. కాని ఊరివారు పెట్టిన పేరు ఒకసారి అతుకుకొన్న పిమ్మట ఊడుట కష్టము. ఇరుగుపొరుగువారి ద్వేషమువలన వారు ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరుమబడిరి. 1844 జూన్ 27న జోసెఫ్ స్మిత్‌ను, అతని అన్న హైరంను ఇల్లినాయి రాష్ట్రపు కార్తేజి చెరసాలలో ఒక మూక కాల్చి చంపెను. తరువాత బ్రిగం యంగ్ నాయకత్వమున వారు పడమరకు బయలుదేరి, 1847 జూలైలో ఉప్పు సరస్సు లోయను చేరి, కొండవాగులను మళ్లించి, కాలువలు త్రవ్వి, ఎడారిని పొలముగా చేసికొనిరి.

ఆ సంవత్సరము అక్టోబరు నెలలోనే ఆ లోయలో తొలి బడి వెలసెను. గుడారమే పాఠశాల. మేరీ జేన్ డిల్వర్త్ అను కన్య దాని ఉపాధ్యాయిని. 1850లో డెసెరెట్ విశ్వవిద్యాలయ మను పేరుతో ఒక ఉన్నత విద్యాసంస్థను గూడ స్థాపించిరి. నేటి యూటా విశ్వవిద్యాలయము అదియే. అయినను బడులకు రుసుము చెల్లింపవలసి యుండెను. విత్తు నాటు రోజులలోను, కోత రోజులలోను మగపిల్లలు పొలమునకే పోవలసివచ్చెడిది. అందుచే చదువులో పెద్ద పాలు ఇంటనే జరిగెను.

ఇంటిచదువునకు మోర్మనులు చూపు ఉదాహరణములలో మిక్కిలి ప్రసిద్ధుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్. ఇతడు చెరసాలలో హతుడైన హైరం కుమారుడు. తండ్రి పోవునాటికి అయిదేండ్లవాడు. 1848లో తల్లితో కలసి మైదానములు దాటి వచ్చునపుడు తొమ్మిదేండ్ల వయస్సున తానే ఎద్దులబండి తోలెను. తల్లి మేరీ ఫీల్డింగ్ స్మిత్ గుడారములో, విడిది చేసినచోట, బండి ప్రక్కన కూర్చుండబెట్టి బైబిలులోని అక్షరములనే అతనికి వాచకముగా చేసెను. పగలు ఎద్దులు, రాత్రి అక్షరములు. 1852లో ఆ తల్లియు మరణించెను. పదమూడేండ్ల బాలుడు కొంతకాలము బడికి పోయెను గాని, ఒకనాడు ఉపాధ్యాయుడు తన చెల్లెలిని తోలుపట్టెతో కొట్టబోగా అడ్డుపడి, ఆ ఉపాధ్యాయునితోనే కలియబడెను. దానితో బడి ముగిసెను. 1854లో, పదునైదేండ్లు నిండిన కొద్ది నెలలకే, సంఘపు పెద్దలు అతనిని మతప్రచారమునకై హవాయి ద్వీపములకు పంపిరి. అచ్చటి భాషను కొద్ది నెలలలోనే నేర్చి ఆ ప్రజలలో మసలి, దాదాపు నాలుగేండ్ల తరువాత తిరిగివచ్చెను. 1901లో సంఘాధ్యక్షుడై, 1918లో మరణించువరకు ఆ పదవియం దుండెను.

ఇతనిని చూపి, తల్లి యొడి యుండగా బడి యేల యని వాదించువారు కలరు. ఆ వాదము సగము కథయే. తల్లి నేర్పినది ఒక్క పుస్తకము. ఆ పిమ్మట అతని ముందు పరచుకొన్నది పసిఫిక్ మహాసముద్రము, అందలి ద్వీపములు, తెలియని భాష, తనవారు గాని ప్రజలు. పదునైదవయేట ఇల్లు విడిచి పోవలసి రాకపోయిన యెడల, ఆ ఒక్క పుస్తకపు చదువు అతనిని ఎంతదూరము నడిపించియుండెడిదో చెప్పజాలము.

ఆనాటి యూటాలో తలుపు తెరచు ప్రయత్నమును, మూయు ప్రయత్నమును రెండును జరిగినవి. 1850లో అమెరికా ప్రభుత్వము యూటా ప్రాంతమునకు పాలనా వ్యవస్థ నేర్పరచినపుడు, ఆ చట్టములోనే ఒక గ్రంథాలయమునకై 5,000 డాలర్లు కేటాయించెను. జాన్ బెర్న్‌హైసెల్ అను వైద్యుడు తూర్పు నగరములలో పుస్తకముల నేరి కొనెను. రైలు రాని కాలము. పుస్తకములు పిండి బస్తాలతోను, నాగటి కఱ్ఱులతోను కూడి బండ్లపై మైదానములు దాటవలసినదే. తిండికే తడుముకొను జనమునకు పుస్తకపు బండి ఏమిటికని నాడు తలచినవా రుండినను ఆశ్చర్యము లేదు.

రెండవ ప్రయత్నము మరింత విచిత్రమైనది. ఇంగ్లీషు భాషకు పలుకుబడి యొకటి, వ్రాత యొకటి. అక్షరము నేర్చినంతనే చదువ నేర్చు తెలుగు బాలునకు ఆ బాధ తెలియదు. ఐరోపాలోని పలుదేశములనుండి వచ్చిన మోర్మనులకు ఇంగ్లీషు సులభముగా నేర్పదలచి, బ్రిగం యంగ్ ప్రోత్సాహమున 1854 నాటికి 38 అక్షరముల నూతన లిపిని కల్పించిరి. దానికి డెసెరెట్ లిపి యని పేరు. పలికినట్లు వ్రాయుట దాని సుగుణము. 1868లో రెండు వాచకములను, 1869లో మోర్మన్ గ్రంథమును, అందలి మొదటి భాగమును వేరుగాను, ఆ లిపిలో అచ్చువేసిరి. అవి మొత్తము నాలుగు పుస్తకములు. ఆ లిపి మాత్రమే నేర్చిన బాలునకు ప్రపంచములో చదువదగినవి ఆ నాలుగే! బయటి చవుకబారు కథలనుండి పిల్లలను కాపాడుటకు గూడ ఈ లిపి ఉపకరించునని నాటి పత్రికలో వాదించిరి. తలుపు మూయుటకు ఇంతకంటె గట్టి గడియ మరియొకటి లేదు. 1877లో బ్రిగం యంగ్ మరణించెను. లిపియు ఆయన వెంటనే పోయినదని చెప్పవచ్చును. జనులు దానిని ఎదిరించలేదు, వాడలేదు, అంతే.

మగపిల్లలను గూర్చిన ప్రత్యేక చింత 1878లో ఫార్మింగ్టన్ అను ఊర బయలుపడెను. అరీలియా స్పెన్సర్ రోజర్స్ అను గృహిణి అచ్చట నివసించెడిది. చిన్నతనమున తల్లి చనిపోగా, తండ్రి మతప్రచారమునకై ఇంగ్లండు పోగా, అక్కతో కలసి చిన్నవారిని సాకిన స్త్రీ ఆమె. ఊరి మగపిల్లలు రాత్రి ప్రొద్దుపోవువరకు వీధులలో అల్లరి చేయుచుండుట చూచి, వీరిని మంచి మనుష్యులుగా తీర్చుటకు ఒక సంస్థ యేల యుండరాదని పెద్దల నడిగెను. పెద్దలు సమ్మతించిరి. మగపిల్లల కొఱకే తలపెట్టినను, ఆడపిల్లల గొంతులు లేనిదే పాట రక్తి కట్టదని వారినిగూడ చేర్చుకొనిరి. ఆగస్టు నెల తొలి సమావేశమునకు రెండువందలకు పైగా పిల్లలు వచ్చిరి. విధేయత, ప్రార్థన, వేళకు వచ్చుట, మర్యాద, వీనితోపాటు బాలురకు బోధించిన మరియొక పాఠము, పరుల తోటలోని పండ్లు కోయరాదని. ఏ దేశమైననేమి, ఆ పాఠము అవసరమే! ‘ప్రైమరీ’ అను పేర ఆ సంస్థ నేటికిని ప్రతి మోర్మను ప్రార్థనామందిరములోను నడచుచున్నది.

1890లో యూటాలో ఉచిత పాఠశాలల చట్టము వచ్చెను. బహుభార్యాత్వమును మానుచున్నట్లు సంఘము ప్రకటించినదియు ఆ సంవత్సరముననే. అటుపిమ్మట మోర్మను పిల్లలలో అత్యధికులు ప్రభుత్వ పాఠశాలలకే పోవుచున్నారు, ఇది మరువరాదు. 1912 నుండి ఉన్నత పాఠశాలల ప్రక్కన సంఘము తన మందిరములు కట్టి, విద్యార్థులు దినమున కొక గంట అచ్చటికి పోయి మతవిద్య నేర్చుటకు ఏర్పాటు చేసెను. 1915లో సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్, నాడు ఎద్దులబండి తోలిన బాలుడే, కుటుంబములకు ఒక లేఖ పంపెను. ఒక సాయంకాలము తల్లిదండ్రులు పిల్లలతో ఇంట కూర్చుండి ప్రార్థన, పాట, గ్రంథపఠనము, ఆటలు సాగింపవలెనని దాని సారాంశము. 1970లో అందులకు సోమవారము నిర్ణయింపబడెను. 2019 నుండి సంఘము ఆదివారపు సమావేశములను మూడు గంటలనుండి రెండు గంటలకు తగ్గించి, మతబోధకు ఇల్లే కేంద్రమని చాటెను. ఆ ఇంటిపాఠముల పుస్తకము తెలుగులోను వెలువడుచున్నది. హైదరాబాదులో 2012లో ఈ సంఘమునకు భారతదేశపు తొలి ‘స్టేక్’, అనగా కొన్ని స్థానిక సంఘముల కూడలి, ఏర్పడినది గదా.

ఇంత ఇంటి అలవాటు గల జనము, అమెరికాలో 1970 దశకమున ఇంటిచదువు ఉద్యమము తలయెత్తినపుడు దానికి చెవి యొగ్గుట సహజమే. రేమండ్ మూర్, ఆయన భార్య డొరొతీ 1975లో ఒక గ్రంథము ప్రకటించి, పసివారిని, అందులో ముఖ్యముగా మగపిల్లలను, తొందరపడి బడిలో వేయరాదని వాదించిరి. మగపిల్లవాని కన్ను, చేయి, ఓర్పు ఆడపిల్లకంటె ఆలస్యముగా కుదురుకొనునని వారి మాట. మూర్ దంపతులు మోర్మనులు కారు. అయినను ఎనిమిదేండ్లు నిండిన పిదపనే బిడ్డకు మంచిచెడ్డల బాధ్యత వచ్చునని నమ్మి, ఆ వయస్సుననే బాప్తిస్మ మిచ్చు మోర్మనులకు ఆ మాట తమ యింటి మాటవలెనే వినబడియుండును. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములందును ఇంటిచదువు చట్టబద్ధమైనది. యూటాలో పాఠశాలాధికారులకు తెలియజేసినచో చాలును. ఏమి బోధింపవలెను, ఎన్ని గంటలు బోధింపవలెనను నిర్బంధమును 2014లో తొలగించిరి. పరీక్షలు లేవు, తల్లికి పట్టము అక్కరలేదు. ఇష్టమున్నవారు కొన్ని పాఠములకు, ఆటలకు మాత్రము పిల్లవానిని ప్రభుత్వ పాఠశాలకు పంపవచ్చును. సంఘము ఈ విషయమున తల్లిదండ్రులదే నిర్ణయమని ఊరకున్నది.

ఇంటిబడిలో ప్రొద్దు ఎట్లు గడచును? ప్రార్థనతోను, మోర్మన్ గ్రంథములోని కొన్ని వచనములతోను ప్రారంభమగును. తలకొక వచనము చొప్పున చదువుదురు. చదువు రాని చిన్నవానికి పెద్దవాడు చెవిలో చెప్పగా వాడు బిగ్గరగా అప్పగించును. తరువాత లెక్కలు. పెన్సిలు పట్టి గంటసేపు కదలక కూర్చుండుట ఆరేండ్ల మగపిల్లవాని స్వభావము కాదు. తెలివిగల తల్లి వానిని మెట్లకడకు కొనిపోయి, మెట్టున కొక సంఖ్యగా గెంతించి ఎక్కము నేర్పును. మోర్మను కుటుంబములు కరవుకాటకములకై గోధుమలు, డబ్బా ఆహారములు నిలువచేయుట సంఘపు ఉపదేశము. ఆ కొట్టుగది మంచి గణితశాల. పాత డబ్బాలను ముందునకు తెచ్చుట, అరలో ఎన్ని వరుసలో, వరుసకెన్నియో గుణించుట, నెలకెంత ఖర్చగునో భాగించుట బాలుని పని. కలిగిన దానిలో పదియవ వంతు దేవునిదను నియమము వేరొక పాఠము. పొరుగువారి గడ్డి కోసి అయిదు డాలర్లు సంపాదించినవాడు అందులో అర డాలరు తీసి పెట్టవలెను. దశాంశ భిన్నములు ఇంతకంటె బాగుగా ఏ నల్లబల్ల నేర్పగలదు?

చరిత్ర పాఠము తాతముత్తాతల పేర్లతో మొదలగును. వంశవృక్షములు సేకరించుట వారికి మతధర్మము. 1894లోనే అందుకై యూటాలో ఒక సంఘమును స్థాపించిరి. సాల్ట్ లేక్ నగరములోని వారి వంశచరిత్ర గ్రంథాలయము లోకప్రసిద్ధమై మతభేదము లేక అందరికిని తెరచియున్నది. తన ముత్తాత డెన్మార్కునుండి ఏ ఓడపై వచ్చెనో వెదకు బాలుడు, డెన్మార్కు ఎచ్చట నున్నదో పటములో తానే చూచుకొనును. ఇక వక్తృత్వము. మోర్మనుల స్థానిక సంఘములలో జీతము తీసికొను పురోహితుడు లేడు. ఆదివారము సభలో రైతో, కంసాలియో, గృహిణియో లేచి ప్రసంగించును. ప్రైమరీలో చిన్నపిల్లలే రెండు మూడు నిమిషములు మాటలాడుదురు. పన్నెండేండ్ల యీడు వచ్చునప్పటికి బాలుడు ‘డీకన్’ అను తొలి పదవి పొంది, ప్రభువు సంస్కారపు రొట్టెను, నీటిని సభలో అందరికి అందించును. పెద్దల సభలో ప్రసంగించు వంతు గూడ వచ్చును. ఇంట చదివిన పిల్లవాడు నలుగురిలో నోరు మెదపలేడను ఆక్షేపణ ఈ జనమునకు అంతగా తగులదు.

ఈ చదువునకంతటికిని ముందు ఒక గడువున్నది. పందొమ్మిదేండ్లకు, 2012 అక్టోబరునుండి పదునెనిమిదేండ్లకే, యువకుడు రెండేండ్లు మతప్రచారమునకు పోవుట ధర్మము. ఏ దేశమునకో, ఏ భాషకో అతడు కోరుకొనుటకు వీలు లేదు. తన బట్టలు తాను ఉతుకుకొనవలెను, వంట చేసికొనవలెను, తలుపు తట్టినచో ముఖముపైననే మూసివేయు అపరిచితులతో మర్యాదగా మాటలాడవలెను. తాము నమ్మినదానిని నమ్మనివారు లోకములో నెందరో యని తొలిసారి ఆ గుమ్మముల యెదుటనే తెలిసికొనిన యువకుని గతి యేమి? ఇంటిచదువులోని అసలు పరీక్ష ఇచ్చట నున్నది. ప్రభుత్వము పెట్టకపోయినను లోకము ఆ పరీక్ష పెట్టక మానదు.

తలుపు పూర్తిగా మూసిన గృహములును లేకపోలేదు. యూటాలోని మారియన్ అను పల్లెలో జాన్ సింగర్ అను నతడు 1973లో తన పిల్లలను బడి మాన్పించెను. సంఘము అతనిని అంతకుముందే వెలివేసియుండెను. కనుక అతని నడతను సంఘమునకు అంటగట్టుట న్యాయము కాదు. పాఠశాలాధికారులతో తగవు, న్యాయస్థానపు ఉత్తరువులు, వానిని ధిక్కరించుట, ఇట్లు ఏండ్ల తరబడి సాగి, 1979 జనవరి 18న అతనిని బంధింపవచ్చిన పోలీసుల తుపాకికి అతడు బలియయ్యెను. పిల్లల చదువు విషయమున ఒక తండ్రి ప్రాణము పోవుట ఇరుపక్షములకును తలవంపే.

రెండవ కథ పొరుగు రాష్ట్రమైన ఐడహోలోనిది. టారా వెస్టోవర్ అను స్త్రీ 2018లో ప్రకటించిన ‘ఎడ్యుకేటెడ్’ అను ఆత్మకథలో, ప్రభుత్వమును ఏమాత్రము నమ్మని మోర్మను తండ్రి ఇంట తాను, తన అన్నలు పెరిగిన విధము వ్రాసెను. ఆమె పదునేడవయేట బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయములో అడుగిడువరకు తరగతి గది యెరుగదు. హిట్లరు కాలపు యూదుల సంహారమును సూచించు మాటకు అర్థమేమని తరగతిలో అడిగి అందరిని నిర్ఘాంతపరచెను. ఆ మాట గల పుస్తకము ఇంటిలోనికి రాలేదు, అంతియే కారణము. ఆమె 2014లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందెను. ఏడుగురు సంతానములో ముగ్గురు అట్టి పట్టము పొందగా, మిగిలిన నలుగురికి ఉన్నత పాఠశాల ప్రమాణపత్రము గూడ లేదు. ముందుగా కళాశాలకు పోయిన అన్న ఆమెను ప్రేరేపించెను. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే తండ్రి. ఫలితములలో మాత్రము ఇంత యంతరము. ఇది మోర్మను మతమును గూర్చిన గ్రంథము కాదని ఆమెయే ముందుమాటలో చెప్పుకొన్నది.

ఈ రెండు కథలను పట్టుకొని ఇంటిబడులన్నిటిని నిందించుట తగదు. వార్తకెక్కని గృహములే ఎక్కువ. ఆ గృహములలో భారమంతయు తల్లిపై నుండుననుట మాత్రము నిజము. నలుగురు పిల్లలకు నాలుగు తరగతుల పాఠములు చెప్పి, వండి, వడ్డించి, రాత్రి అందరు నిద్రించిన పిదప రేపటి పాఠము తాను చదువుకొను స్త్రీకి జీతము లేదు, సెలవు లేదు. తనకు రాని పాఠమునకు పొరుగు తల్లితో పొత్తు కలుపుకొనును. ఒకతె విజ్ఞానశాస్త్రము చెప్పును, ఒకతె పియానో నేర్పును. బీజగణితమో రసాయనశాస్త్రమో వచ్చుసరికి చాలమంది తల్లులు ఆగి ఆలోచించి, పిల్లవానిని ఆ పాఠములకైనను బడికి పంపుదురు. తనకు రానిదానిని రాదని ఒప్పుకొను తల్లి కడుపున పుట్టుట ఆ బాలుని యదృష్టము.

వారానికొకసారి ఆమె పిల్లలను వెంటబెట్టుకొని ఊరి గ్రంథాలయమునకు పోవును. ఇతర బాలురు బడిలో నుండు వేళ అది. ఒక్కొక్కనికి ఒక గుడ్డసంచి. జంతువుల పుస్తకములు, ఓడల పుస్తకములు, రోము చరిత్ర, బొమ్మల కథలు సంచులలో నిండును. ఇంటికి వచ్చి బల్లపై గుమ్మరించినపుడు, వానిలో తల్లి చెప్పనిది, ఆమె నమ్మకమునకు సరిపడనిది, ఒక్కటి పెద్దవాని సంచినుండి పడుట కలదు. నేలపొరల వయస్సును గూర్చియో, పరమతమును గూర్చియో, స్వమతమును విమర్శించునదియో యైన పుస్తక మది. దానిని మారుమాటాడక మరుదినమే తిరిగి ఇచ్చివేయు తల్లులు కలరు. ముందు తాను చదివి, పిదప కుమారునితో కలసి మరల చదువుటకు కూర్చుండు తల్లులును కలరు.